పేదవాడు, బట్ నిజాయితీపరుడు

ఇంగ్లీషు గ్రామరు గైడులో ఒక ఊరుంది. ఆ ఊళ్ళో ఒక ముసలాయన నీరసంతో నడవలేకపోతున్నాడు. మా నాన్న చదివే రోజుల్లోనూ నడవలేదు, నేను చదివినప్పుడూ నడవలేదు, ఇప్పుడు మా ఇంట్లో పదోతరగతి గైడు తిరగేస్తే అదే అరుగు మీద అలాగే కూర్చుని ఉన్నాడు. 'ద ఓల్డ్ మాన్ ఈజ్ టూ వీక్ టు వాక్' అంటే సింపుల్. 'ద ఓల్డ్ మాన్ ఈజ్ వెరీ వీక్ అండ్ సో హీ కెనాట్ వాక్' అంటే కాంపౌండ్. 'ద ఓల్డ్ మాన్ ఈజ్ సో వీక్ దట్ హీ కెనాట్ వాక్' అంటే కాంప్లెక్స్. ఆయన నడవలేడని మూడు విధాలుగా నిరూపించినవాడికి మార్కులున్నాయి. ఆయన చేతికి ఒక కర్ర ఇచ్చినవాడికి లేవు.

ఆ ఊళ్ళో టీ ఎప్పుడూ తాగలేనంత వేడి. ఇన్నేళ్ళయినా చల్లారదు. సూర్యుడు ఉదయిస్తాడు, పొగమంచు విడిపోతుంది. ఆ తర్వాత ఆ రోజు ఊళ్ళో ఏం జరిగిందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే మంచు విడిపోయేసరికి వాక్యం మూడు రూపాలూ పూర్తయి బెల్లు కొట్టేస్తారు. ఊరి పొలిమేరలో ఒక బోర్డు: 'వర్క్ హార్డ్ ఆర్ యూ విల్ ఫెయిల్.' సరిగ్గా ఆ బోర్డు కింద ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు: 'హీ వర్క్‌డ్ హార్డ్, బట్ హీ ఫెయిల్డ్.' రెండూ ఒకే పేజీలో, ఒకే ఎక్సర్‌సైజులో. ఆ రెండు వాక్యాలనీ పక్కపక్కన పెట్టి 'ఇదేంటి సార్?' అని అడిగిన పిల్లవాడు ఇంతవరకూ లేడు. ఉన్నా వాణ్ణి బెంచీ ఎక్కించి ఉంటారు.

వీళ్ళందరికంటే పెద్ద మనిషి ఇంకొకాయన ఉన్నాడు. 'హీ ఈజ్ పూర్, బట్ హీ ఈజ్ ఆనెస్ట్.' పేదవాడు, కానీ నిజాయితీపరుడు.

మాస్టారు బోర్డు మీద ఈ వాక్యం రాసి, రెండు విరుద్ధమైన విషయాలను కలపడానికి బట్ వాడాలర్రా అని చెబుతాడు. పేదరికం ఒకటి, నిజాయితీ దానికి విరుద్ధం. తర్వాత దాన్ని సింపుల్ చెయ్యమంటాడు: 'ఇన్ స్పైట్ ఆఫ్ హిజ్ పావర్టీ, హీ ఈజ్ ఆనెస్ట్.' అంత పేదరికం ఉండి కూడా! తర్వాత కాంప్లెక్స్: 'దో హీ ఈజ్ పూర్, హీ ఈజ్ ఆనెస్ట్.' సర్కారు బడిలో ఆటో తోలేవాళ్ళ పిల్లలు, కూలికి పోయేవాళ్ళ పిల్లలు, కౌలురైతుల పిల్లలు వరసగా కూర్చుని, తమ నాన్నలు నిజాయితీగా ఉండటం ఒక వింత అని మూడు రకాలుగా రాసుకుంటారు. నీట్‌గా, మార్జిన్ కొట్టి, బట్ కింద ఎర్రపెన్నుతో గీత గీసి.

'హీ ఈజ్ రిచ్, బట్ హీ ఈజ్ ఆనెస్ట్' అని ఏ గైడులోనూ నాకు కనబడలేదు. వ్యాకరణానికి అభ్యంతరం లేదు. గైడు అచ్చు వేయించిన ఆసామికి ఉందేమో తెలీదు.

అసలు కాంపౌండ్ సెంటెన్సులో ప్రాణమంతా బట్ లాంటి ఆ కీలు దగ్గరే ఉంటుంది. ఇంగ్లీషులో సమానమైన రెండు వాక్యాలను కలిపే పొట్టి మాటలు ఏడు: ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో. వీటి మొదటి అక్షరాలు కలిపి ఫ్యాన్‌బాయ్స్ అని పిల్లలచేత బట్టీ వేయిస్తారు. బానే ఉంది. కానీ ఇవి ఏడు రకాల అంటుజిగుళ్ళు కావు, ఏడు రకాల అభిప్రాయాలు. 'హీ ఈజ్ పూర్ అండ్ హీ ఈజ్ ఆనెస్ట్' అంటే రెండు సంగతులు పక్కపక్కన పెట్టి ఊరుకున్నావు. బట్ అన్నావంటే తీర్పు చెప్పావు. 'హీ ఈజ్ ఆనెస్ట్, సో హీ ఈజ్ పూర్' అన్నావంటే అది ఇంగ్లీషు పీరియడు దాటి సోషల్ పీరియడులోకి వెళ్ళిపోయింది. ఒక్క మాట మారితే లోకం మీద నీ అభిప్రాయమే మారిపోతుందని పదమూడేళ్ళ పిల్లకి చెబితే, ఆ పిల్ల చస్తే మర్చిపోదు. అందుకే చెప్పరు. కీలు మారిస్తే ఏ పెట్టెలో వెయ్యాలి, ఎన్ని మార్కులు, అంతవరకే.

ఈ ఊరికి పునాది వేసినవాళ్ళలో ముఖ్యుడు పెర్సివల్ క్రిస్టఫర్ రెన్ అనే దొర. బొంబాయి ప్రాంతంలో విద్యాశాఖలో ఉద్యోగం చేశాడు. మార్టిన్ అనే మరొకరితో కలిసి ఆయన రాసిన, పేరు మోసిన గ్రామరు పుస్తకం 'రెన్ అండ్ మార్టిన్' 1935లో వచ్చింది. అది ముఖ్యంగా మన దేశంలో ఉన్న తెల్ల ఆఫీసర్ల పిల్లల కోసం రాసిన పుస్తకం. ఇది చిన్న సంగతి కాదు. ఆ పిల్లలు ఇంగ్లీషులో ఏడ్చారు, ఇంగ్లీషులో అలిగారు, భోజనాల బల్ల దగ్గర ఇంగ్లీషులో తిట్లు తిన్నారు. వాళ్ళ దగ్గర వాక్యాలు అప్పటికే బస్తాలకొద్దీ ఉన్నాయి. వాటిని విప్పి, ఇది సింపుల్, ఇది కాంపౌండ్ అని పేర్లు పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోలా తిప్పి చూసుకోవడం వాళ్ళకు పనికొచ్చే కసరత్తే. మన పిల్లలకు ఆ కసరత్తు మాత్రమే మిగిలింది, తిప్పడానికి సొంత వాక్యం లేదు. ఉన్నవాడికి లెక్కలు నేర్పే పుస్తకం తెచ్చి లేనివాడిచేత లెక్కలు కట్టిస్తున్నాం.

అన్నట్టు ఆ రెన్ దొరగారికి నవలాకారుడిగా కూడా గొప్ప పేరే. 1924లో 'బో జెస్ట్' అని రాశాడు. ముగ్గురు అన్నదమ్ములు ఇల్లొదిలి ఫ్రెంచి సైన్యంలో చేరి ఎడారిలో పోరాడే కథ. ముగ్గురిలో ఇద్దరు పోతారు, ఒకడు ఇంటికొస్తాడు. మన బళ్ళలో ఆయన దింపిన ముగ్గురు అన్నదమ్ములు మాత్రం, సింపులూ కాంపౌండూ కాంప్లెక్సూ, ముగ్గురూ గుండ్రాయిలా ఉన్నారు. పోతున్నది ఎదుటిపక్షం.

గురజాడ వారు ఈ వైభోగమంతా ముందే చూశారు. 1892లో మొదట ఆడిన కన్యాశుల్కంలో వెంకటేశం తల్లి ముచ్చటపడి, ఒక్కసారి ఇంగ్లీషులో మాట్లాడుకోండి నాయనా అంటే, గిరీశమూ శిష్యుడూ ఏం మాట్లాడుకున్నారు? ఒకరు చుక్కల పాట అందుకుంటారు, ఒకరు డేరాలో తెల్లవాడున్నాడంటారు, మధ్యలో రేఖాగణితం తగులుతుంది, చివరికి ఒక బహువచన సూత్రం కూడా వల్లిస్తారు. వ్యాకరణ సూత్రమే సంభాషణ! ఆ తల్లి మురిసిపోతుంది. ఇవాళ పేరెంట్స్ మీటింగులో తల్లులు మురిసేదీ అందుకే. 'మా వాడికి కాంప్లెక్స్ సెంటెన్సులు కూడా వచ్చండీ.' వచ్చు. దాహమేస్తే నీళ్ళడగడం మాత్రం ఇంకా సిలబస్‌లోకి రాలేదు.

ఇప్పుడు స్టాఫ్ రూములోకి వెళ్దాం. ఒకే బల్ల దగ్గర తెలుగు మాస్టారూ ఇంగ్లీషు టీచరమ్మా కూర్చుని ఒకే ఫ్లాస్కులోంచి టీ తాగుతున్నారు. (ఈ టీ తాగగలిగినంత వేడిగానే ఉంది.) రెండో పీరియడులో ఈయన సామాన్య, సంక్లిష్ట, సంయుక్త వాక్యాలు చెప్పి వచ్చాడు. నాలుగో పీరియడులో ఆవిడ అదే సెక్షనుకి సింపుల్, కాంప్లెక్స్, కాంపౌండ్ చెప్పబోతోంది. పేర్లు చూస్తే కవలల్లా ఉన్నాయి కదా, ఒకటి వస్తే రెండోది వచ్చినట్టే కదా అని పిల్లలు నమ్ముతారు. నమ్మి మునిగిపోతారు.

'సీత అన్నం తిని బడికి వెళ్ళింది.' తెలుగు పుస్తకం ప్రకారం ఇది సంక్లిష్ట వాక్యం, తిని అనే అసమాపక క్రియ ఉంది కాబట్టి. అదే మాట ఇంగ్లీషులో 'హావింగ్ ఈటెన్ హర్ మీల్, సీత వెంట్ టు స్కూల్' అంటే సింపుల్! ఎందుకంటే ఇంగ్లీషు లెక్కలో కాలం చూపించే పూర్తి క్రియ ఎన్నిసార్లు నిలబడిందన్నదే పాయింటు. సగంలో ఆగిన క్రియకి అక్కడ ఓటు హక్కు లేదు. ఇంకోటి చూడండి. 'సీతా గీతా సంగీతం నేర్చుకుంటున్నారు.' తెలుగు పుస్తకంలో రెండు సామాన్య వాక్యాలు కలిపిన సంయుక్త వాక్యం. ఇంగ్లీషులో 'సీత అండ్ గీత ఆర్ లర్నింగ్ మ్యూజిక్' అంటే మళ్ళీ సింపులే, కర్తలు ఇద్దరైనా క్రియ ఒక్కటే కాబట్టి. అంటే రెండో పీరియడులో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లే, అదే తెలివితో నాలుగో పీరియడులో సున్నా తెచ్చుకుంటుంది. పిల్లకి తర్కం లేక కాదు. ఉండబట్టే. ఈ తేడా చెప్పడానికి బోర్డు మీద రెండు వరసలు చాలు, పది నిమిషాలు చాలు. కానీ అది చెప్పాల్సింది తెలుగు మాస్టారా, ఇంగ్లీషు టీచరమ్మా? ఎవరి పీరియడులో? ఎవరి లెసన్ ప్లానులో? దానికి డీఈఓ ఆఫీసు నుంచి సర్క్యులరు రావాలి. వస్తే అది ఇంగ్లీషులో వస్తుంది, పన్నెండు వరసల ఒకే వాక్యంగా. దాన్ని విప్పే ఓపిక ఇద్దరికీ ఉండదు. టీ అయిపోయింది, బెల్లు కొట్టారు.

ఆ పది నిమిషాలు దొరక్కపోవడం వల్ల మన పిల్లలు చేసే తప్పులన్నీ తెలివితక్కువతనం కింద జమ పడుతున్నాయి. 'మై ఫాదర్ ఫార్మర్' అంటాడు పిల్లాడు. మాస్టారు నెత్తి మీద మొట్టుతాడు. మా నాన్న రైతు అన్న వాక్యంలో క్రియ ఎక్కడుంది స్వామీ? వెయ్యేళ్ళుగా క్రియ లేకుండా నిక్షేపంగా నిలబడిన వాక్యం అది. ఇంగ్లీషువాడికి క్రియ లేకపోతే వాక్యం నిలవదు కాబట్టి ఈజ్ అనే గుంజ పాతుకున్నాడు. ఆ సంగతి చెప్పి మొట్టవచ్చు కదా. 'లేచి, మొహం కడుక్కుని, టిఫిన్ తిని, బస్సెక్కి వచ్చాను' అని మనం నాలుగు పనులు సగం సగం వదిలేసి చివర్లో ఒక్క క్రియతో అన్నిటికీ లెక్క తేలుస్తాం. దాన్నే నమ్ముకున్న పిల్లాడు 'గెటింగ్ అప్, వాషింగ్ ఫేస్, ఈటింగ్ టిఫిన్, కమింగ్ స్కూల్' అంటాడు. ఇంగ్లీషులో ప్రతి పనికీ దాని కాలం దానికి కట్టి, చివరిదాని ముందు అండ్ పెట్టాలని ఎవరూ చెప్పలేదు. 'వాన వచ్చింది, ఆట ఆగిపోయింది' అంటే మనకి కామా ఒక్కటి చాలు. ఇంగ్లీషులో ఆ ఒక్క కామాతో రెండు పూర్తి వాక్యాలు కలిపితే అది తప్పు. సో కావాలి, అండ్ కావాలి, లేదా సెమీకోలన్ అయినా కావాలి. ఆ భయంతోనే మనవాడు దో అని మొదలుపెట్టి, అది చాలదేమోనని మధ్యలో బట్ కూడా తగిలిస్తాడు. తలుపుకి గడియ వేసి తాళం కూడా వేస్తాడు. ఎర్రపెన్ను సున్నా చుడుతుంది. ఎందుకో రాయదు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ సర్కారు బడి పిల్లలకి ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చాయి. సైన్సూ సోషలూ లెక్కలూ అన్నీ అలాగే. అంటే తెలుగు వాక్యం ఇంగ్లీషులోకి ఎలా విరిగిందో, ఎక్కడ ఒకటి రెండయిందో, ఎక్కడ రెండు ఒకటయిందో, అద్దంలో చూపించినట్టు వందల పేజీల పాఠం పిల్లల సంచుల్లో ఇప్పటికే ఉంది. డబ్బు పోసి అచ్చు వేయించాం, మోయలేక మోయిస్తున్నాం. ఇంగ్లీషు పీరియడులో ఆ పుస్తకం తెరవమన్నవాడు లేడు. అది సైన్సు పుస్తకం కదా మరి. ఇంగ్లీషు పీరియడులో గైడు తెరవాలి, ముసలాయన ఎదురుచూస్తుంటాడు.

ఇంగ్లీషు మీడియం రాజకీయం గురించి ఎక్కువ చెప్పను, చెప్పేకొద్దీ నోరు చేదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం పెడుతూ 81వ నంబరు జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం మొదలైంది. 2023లో ఆంధ్ర ప్రభుత్వం టోఫెల్ నడిపే అమెరికా సంస్థతోనే ఒప్పందం చేసుకుంది. ఇంత జరిగినా మన నాయకులకు వచ్చింది ఒక్క కాంపౌండ్ సెంటెన్సే. అధికారంలో ఉంటే 'మాతృభాష ముఖ్యమే, కానీ ఇంగ్లీషు అవసరం.' ప్రతిపక్షంలోకి రాగానే 'ఇంగ్లీషు అవసరమే, కానీ మాతృభాష ముఖ్యం.' కానీ తర్వాత ఏది పెడితే బరువు దానిదేనన్న వ్యాకరణ రహస్యం బడిలో ఎవరికీ తెలియకపోయినా అసెంబ్లీలో అందరికీ తెలుసు. ఆ మేరకు వాళ్ళ చదువు గట్టిదే.

బడిలో రాని వాక్యం హైదరాబాదు అమీర్‌పేటలో వస్తుందని ఒక ఆశ. స్పోకెన్ ఇంగ్లీషు బోర్డుల మధ్య ఆకాశం కనబడదు. అక్కడ మొదటి రోజు నేర్పే వాక్యం 'మైసెల్ఫ్ ఫలానా.' పాపం దానికీ క్రియ లేదు. ముప్పై రోజులు పోయాక ప్రతి రెండు మాటల మధ్యా బేసికల్లీ, యాక్చువల్లీ, యూ నో అని మూడు కొత్త కీళ్ళు వస్తాయి. వాటితో ఏదీ కలవదు, కలిసినట్టు శబ్దం వస్తుంది. ఇంకాస్త డబ్బున్నవాడు ఐఈఎల్‌టీఎస్ కోచింగుకి వెళ్తాడు. ఆ పరీక్ష దిద్దేవాళ్ళ కొలమానంలో ఆరో బ్యాండుకి సింపుల్, కాంప్లెక్స్ వాక్యాలు కలగలిపి రాయగలగాలని ఉంది. కలగలపడం అంటే ఊపిరి ఆగేచోట ఆగడం, సాగేచోట సాగడం. కోచింగ్ సెంటరుకి మాత్రం అది ఒక ఫార్ములాలా వినబడింది: వాక్యం ఎంత పొడుగైతే బ్యాండు అంత ఎత్తు. కాబట్టి వీసా కోసం రాసే కుర్రాళ్ళంతా, ట్రాఫిక్ గురించి అడిగినా పర్యావరణం గురించి అడిగినా, 'ఇట్ ఈజ్ అన్‌డినయబుల్ దట్' అని మొదలుపెట్టి 'నాట్ ఓన్లీ, బట్ ఆల్సో' మీదుగా పేజీ చివరికి చేరతారు. బట్టీ పట్టిన వాక్యాన్ని పరీక్షకుడు పసిగడతాడని తెలిసి, బట్టీ పట్టినట్టు కనబడకుండా ఉండే వాక్యాలు కూడా ఒక లిస్టుగా ఇస్తున్నారట. అవి కూడా బట్టీ పట్టాలి.

పొడుగుకీ నిర్మాణానికీ సంబంధం లేదని ఎవరైనా ఒక ముక్క చెబితే ఎంత బాగుండు! అమీర్‌పేట సందులో మూడో అంతస్తులో అద్దె గదిలో ఫ్యాను కింద చెమటలు కక్కుతూ కూర్చున్న నిన్నటి బీటెక్ కుర్రాడు నిద్రపోయాడు. ఇంత పొడుగున్నా నిద్రపోయాడన్న పూర్తి క్రియ ఒక్కటే. ఇంగ్లీషులోకి ఇలాగే తెస్తే సింపుల్ సెంటెన్సే. హీ స్లెప్ట్ అండ్ ఐ లెఫ్ట్. అయిదు మాటలు, కాంపౌండ్.

విమర్శించడం తేలిక, మీరైతే ఏం చేస్తారని అడుగుతారు. నాకు ఒక్క ఏడాది పేపరు సెట్ చేసే అవకాశమిస్తే చాలు. మొదటి ప్రశ్న: '2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 6,100 టీచర్ పోస్టులకు డీఎస్సీ ప్రకటన ఇచ్చింది, కానీ పరీక్ష జరగలేదు.' ఈ కాంపౌండ్ సెంటెన్సును సింపుల్‌గా మార్చుము. జవాబు: 2018 డీఎస్సీ తర్వాత 2025లో 16,347 పోస్టులకు పరీక్ష జరిగేదాకా ఎవరివల్లా కాలేదు, ఈలోపు టెట్ కోసం ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ సెంటెన్సెస్ బట్టీ పట్టినవాళ్ళకి పెళ్ళిళ్ళై పిల్లలు పుట్టి బడి వయసుకొచ్చారు. రెండో ప్రశ్న: 'ఆ ఆఫీసరు నిజాయితీపరుడు, ____ ఆయన బదిలీ అయ్యాడు.' అండ్, బట్, సో లలో తగినది ఎంచుకొనుము. సో పెట్టినవాడికి పూర్తి మార్కులు. బట్ పెట్టినవాడికి మంచి మనసుకి ఒక మార్కు.

మూడోది నాలుగు మార్కుల ప్రశ్న. 'ఇవాళ పొద్దున్నుంచి నువ్వు చూసిన రెండు సంగతులను రెండు సింపుల్ సెంటెన్సులుగా రాసి, నీకు సరైనదనిపించిన మాటతో కలుపుము. ఆ మాటే ఎందుకు పెట్టావో చెప్పుము.'

ఏం జరుగుతుందో నాకు తెలుసు. పరీక్ష హాలు బయటికి రాగానే గోల మొదలవుతుంది. ఈ ప్రశ్న గైడులో లేదు, క్వశ్చన్ బ్యాంకులో లేదు, మోడల్ పేపర్లో లేదు. సాయంత్రానికి టీవీలో చర్చ, మర్నాటికి డీఈఓ ఆఫీసు ముందు వినతిపత్రం, వారంలోగా నిపుణుల కమిటీ. జవాబు ముందే అచ్చు వేయడానికి వీల్లేని ప్రశ్న కాబట్టి అది తప్పు ప్రశ్న అని కమిటీ తేలుస్తుంది. ఆ నాలుగు మార్కులు అందరికీ కలిపేస్తారు, రాసినవాడికీ రాయనివాడికీ.